ఫ్యాన్ ఆపిన గది

పరీక్ష పరికరాల సర్వీసులోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, "మేడం, ముందు ఏం చదవాలి?" అని అడుగుతుంటారు. ఆసిలోస్కోప్ సర్క్యూట్లనో, సిగ్నల్ జనరేటర్లనో చెబుతానని కాచుకుని ఉంటారు. ముందు పెట్టె వెనక్కి వెళ్లి ఫ్యాన్ చూడండి అంటాను. ఫోన్లో కూడా వాళ్ల మొహం చిన్నబోవడం తెలుస్తుంది. ఇంజనీరింగ్ చదివి ఫ్యాన్లు తుడవాలా అని వాళ్ల బాధ. ఒకప్పుడు నాదీ అదే బాధ.

వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. రాయడానికి కూర్చున్నానే గాని కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఒకసారి లేచి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసి వచ్చాను, దాని మోత మారినట్టు అనిపించి. మళ్లీ లేచి బాల్కనీలో నిలబడి పక్కింటి కూలర్ విన్నాను. మా ఆయన పేపర్ దించి, "జర కూసో శకుంతలా. ఇల్లు యాడికీ పోదు," అన్నారు. ఇల్లు ఎక్కడికీ పోదు, నిజమే. రిటైర్ అయిన సంగతి నా కాళ్లకే ఇంకా తెలియలేదు.

పెట్టె వెనక

మా సంస్థ పరీక్ష పరికరాలను అమ్మేది, బాగు చేసేది, వాటి కొలత సరిగ్గా ఉందని స్టిక్కర్ అంటించి ఇచ్చేది. కాలేజీ ల్యాబుల ఆసిలోస్కోపులు, వర్క్‌షాపుల పవర్ సప్లైలు, ఆసుపత్రుల్లో చెవి పరీక్ష చేసే ఆడియోమీటర్లు, అన్నీ మా బల్ల మీదికి వచ్చేవి. ప్రతి పెట్టెలోనూ ఏదో ఒకటి వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి వెనక ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది గాలితో పాటు దుమ్మునూ పీలుస్తుంది. బేరింగ్ అరుగుతుంది, గురక మొదలవుతుంది. గురక పెట్టే ఫ్యాన్ సరిగ్గా గాలి తోలదు. పెట్టె వేడెక్కి కొలతలు మెల్లగా పక్కకు జరుగుతాయి. ఎవరికీ తెలియకుండా జరుగుతాయి, అదే చిక్కు.

దుమ్ములో కూడా రకాలున్నాయి. పాతబస్తీ యాకుత్‌పురాలో ఒక వర్క్‌షాప్ నుంచి వచ్చిన పవర్ సప్లై విప్పితే ఫ్యాన్ ఇరుసుకు బంగారు రంగు దారం చుట్టుకుని ఉంది. పక్క గదిలో మగ్గం పని చేస్తారట. లాడ్ బజార్ వైపు నుంచి వచ్చిన పెట్టెల్లో గాజుల లక్క వాసన. విప్పగానే అది ఏ గల్లీ నుంచి వచ్చిందో చెప్పగలిగే దాన్ని. ఇందులో గొప్పేమీ లేదు, ఎవరైనా రోజూ విప్పితే తెలుస్తుంది.

కస్టమర్లు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "మేడం, మోత ఎక్కువుంది." మా అందరిదీ ఒకటే జవాబు: "అది నార్మల్ సార్." మా సర్వీసు మేనేజర్ నరహరి రావు గారు ఇంకో అడుగు ముందుకు వేసి, "ఫ్యాన్ గోడ వైపు తిప్పి పెట్టుకోండి సార్," అని సలహా కూడా ఇచ్చేవారు. గోడకు ఆనించి పెడితే గాలి ఆడక ఆ పెట్టె ఇంకా తొందరగా మా దగ్గరికే వచ్చేది. నార్మల్ అన్న మాట మా వృత్తిలో అన్నిటికన్నా బద్ధకపు మాట. ఎవరైనా ఆ మాట అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఖాదర్ భాయ్ పేచ్‌కస్

చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఖాదర్ భాయ్. మా సెక్షన్‌లో మెకానిక్. నేను మీటర్ పట్టుకుని పెట్టె ముందు నిలబడితే ఆయన వెనక్కి పిలిచాడు. పొడుగాటి పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, మొనను ఫ్యాన్ మధ్యలో ఉండే బిళ్ల మీద పెట్టి, దాని పిడిని నా చెవి ముందరి ఎముకకు ఆనించాడు.

"బిడ్డా, మీటర్ తర్వాత. పహెలే సున్," అన్నాడు.

విన్నాను. బయటికి ఒట్టి హోరు. పేచ్‌కస్ గుండా వింటే లోపల గరగరా ఇసుక నలిగినట్టు చప్పుడు. బేరింగ్ పోతోంది. ఆ రోజు నుంచి పేచ్‌కస్ చెవికి ఆనించకుండా ఒక్క పెట్టెనూ నేను బయటికి పంపలేదు. మా సెక్షన్‌లో అది ఆచారమే అయిపోయింది. మా నాన్న ఒక చిన్న గుడిలో అర్చకులు. గంట మోగితే నాదం మారిందో లేదో ఆయన చెవి పట్టేసేది. ఇంట్లో చెబితే నవ్వి, "నువ్వూ చెవితోనే బతుకుతున్నవన్నమాట," అన్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

అయితే అందులోనే ఒక గొయ్యి ఉంది. పేచ్‌కస్ ఆనిస్తేనే ఫ్యాన్ వినబడేది. ఆనించకపోతే మాకు ఫ్యాన్ అనేదే వినబడేది కాదు. బల్ల మీద పది పెట్టెలు హోరుమంటుంటే మేము మామూలుగా మాట్లాడుకునే వాళ్లం, టీ తాగే వాళ్లం. బయటి వాళ్లు వచ్చి చెవులు మూసుకుంటే నవ్వుకునే వాళ్లం. ఫ్యాన్ల మధ్య బతికే వాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

పాతబస్తీ చెవులు

యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గరలో ఒక ట్రస్టు వాళ్ల చిన్న ఆసుపత్రి ఉండేది. అక్కడ చెవి పరీక్ష చేసే అమ్మాయి పేరు నాజియా. ఆడియాలజీ చదివి వచ్చింది, నెమ్మదస్తురాలు, నన్ను ఆంటీ అనేది. ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఆంటీ, ఒకసారి వచ్చి మిషన్ చూడండి. నాకు దిల్‌లో ఏదో డౌట్ ఉంది."

చెవి పరీక్ష ఎలా చేస్తారో తెలియని వాళ్లకు రెండు ముక్కలు. బయటి చప్పుడు రాకుండా గోడలకు మెత్తటి పరుపు అతికించిన చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెడతారు. ఒక్కో స్వరాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వినిపిస్తారు. వినబడితే చేతిలో బటన్ నొక్కాలి. ఎంత సన్నటి స్వరం దాకా నొక్కారో దాన్ని బట్టి చెవి ఎలా ఉందో రాస్తారు.

నాజియా డౌట్ ఏమిటంటే, కొంతకాలంగా వచ్చిన వాళ్లలో చాలామందికి కింది స్వరాలు, అంటే బొంగురు స్వరాలు, వినబడటం లేదు. ఆడా మగా తేడా లేదు, వయసు తేడా లేదు. ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు దీనికి ఒక కారణం కూడా కనిపెట్టి పెట్టారు. పెళ్లి బ్యాండ్లు, డీజేలు, హారన్లు, వీటి మధ్య బతికి జనం చెవులు అరిగిపోయాయట. "పాతబస్తీ చెవులు" అని ఆయన పేరు కూడా పెట్టారు. నేను పుట్టి పెరిగింది అదే పాతబస్తీలో, దబీర్‌పురాలో. నాకది నచ్చలేదు.

"అదే నాకు సమజ్ కావట్లేదు ఆంటీ," అంది నాజియా. "చప్పుడు వల్ల చెవి పాడైతే ముందు పై స్వరాలు పోవాలి. ఇక్కడ అంతా ఉల్టా ఉంది."

నేను వెళ్లేసరికి వరండా బెంచీ మీద ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు నర్సింగ్, సిటీ బస్సు డ్రైవరు. మా వైపు మనిషే, వాళ్ల అన్నకు ఉప్పుగూడలో పాల డెయిరీ ఉంది. నా చేతిలో పెట్టె చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, మిషన్ బాగు చేసేది నువ్వేనా? నాకు చెవుడంట. మొన్న గీడనే రాసిచ్చిండ్రు. రేపు పొద్దుగాల మెడికల్ బోర్డు ఉంది. మల్ల గిట్లనే కాయితం వస్తే స్టీరింగ్ గుంజుకుంటరు. డిపోల బస్సులు కడిగే పని ఇస్తరంట."

"మీకు వినబడదని మీకు ఎప్పుడైనా అనిపించిందా?"

"నాకు మస్తు ఇనబడ్తది అక్కా. ఎన్కసీట్ల టికెట్ తీసుకోని పోరడు గుసగుసలాడినా ఇనబడ్తది. ఎవలు నమ్ముతలేరు." జేబులోంచి మడత పెట్టిన కాయితం తీసి చూపించాడు. "బండి నడుపుడు తప్ప నాకేం రాదు."

మీరు కూర్చోండి, చూస్తానని చెప్పి లోపలికి వెళ్లాను.

హెడ్‌ఫోన్స్ సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడటానికి మా దగ్గర ఒక ఇనుప గిన్నె లాంటిది ఉంటుంది, లోపల మైకు. కృత్రిమ చెవి అంటాం. హెడ్‌ఫోన్ దాని మీద పెట్టి ఒక్కో స్వరం వదిలాను. కింది స్వరాలు, పై స్వరాలు, కుడి, ఎడమ, అన్నీ కచ్చితంగా ఉన్నాయి. వంక పెట్టడానికి లేదు. స్టిక్కర్ అంటించి వచ్చేయవచ్చు. నరహరి రావు గారు అప్పటికే ఫోన్ చేశారు కూడా, ఇంకో చోట మన కోసం ఎదురు చూస్తున్నారని.

నాకు కాలు నిలవలేదు. గదిలోంచి బయటికి, బయటి నుంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. మిషన్ సరిగ్గా ఉంది. నాజియా చదువు సరిగ్గా ఉంది. అంటే ఈ మనిషి చెవే పోయిందనుకోవాలి. అలా అనుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు, కారణం మాత్రం దొరకడం లేదు.

గడపలో నర్సింగ్ వచ్చి నిలబడ్డాడు. "అక్కా, గీ కింద డబ్బ ఉంది చూడు, దాని ఫ్యాన్ బేరింగ్ పోతుంది. మొన్న నేను కూసున్నప్పుడు గూడ గిట్లనే లొల్లి. గా లొల్లిల సన్నటి సీటీ అయితే ఇనబడింది గని, బొంగురుది ఇనబడలే. మేడంకు చెప్పిన. అందరు గిట్లనే అంటరు అన్నది."

"అందరూ అదే అంటారు ఆంటీ," అంది నాజియా. ఆ మాట అంటూనే ఆగిపోయింది. నేనూ తిరగడం ఆపాను.

ఆ గదిలో, మనిషి కూర్చునే కుర్చీ పక్కనే కింద, మిషన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా ఉంది. నేను వచ్చినప్పటి నుంచి అది హోరుమంటూనే ఉంది. నాకు వినబడలేదు. అటు రోజంతా ఆ గది పక్కనే కూర్చునే నాజియాకూ వినబడలేదు. చెవుడని రాసిన మనిషికి మాత్రం వినబడుతోంది. పేచ్‌కస్ తీసి డబ్బా వెనక ఆనించాను. లోపల గరగర. ఆయన చెప్పింది నిజం.

ఫ్యాన్ ఆపి చూడటం

ఫ్యాన్ చప్పుడులో ఎక్కువ భాగం బొంగురుగా ఉంటుంది. అది కింది స్వరాలను కప్పేస్తుంది, పై స్వరాలను వదిలేస్తుంది. కృత్రిమ చెవి ఇనుప గిన్నె కాబట్టి హెడ్‌ఫోన్ దాని మీద గట్టిగా కూర్చుంటుంది. గదిలో ఏం మోగుతున్నా దానికి పట్టదు. మనిషి చెవికి పడుతుంది. మేము ఇన్నాళ్లూ గిన్నెను పరీక్షించి, మనిషికి స్టిక్కర్ అంటించాం.

డబ్బా అక్కడికి ఎలా వచ్చిందని అడిగాను. పెట్టింది మా సంస్థ వాళ్లే. మిషన్‌తో వచ్చిన వైరు పొట్టిది, డబ్బా దగ్గరగా ఉండాలి. వరండాలో పెడితే దుమ్ము. అందుకని లోపల పెట్టారు. ఎండాకాలంలో అది వేడెక్కి ఆగిపోతుంటే, ఎవరో కోఠి బజారు నుంచి పెద్ద ఫ్యాన్ తెచ్చి బిగించారు. అప్పటి నుంచే పాతబస్తీ చెవులు పాడయ్యాయి.

నర్సింగ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, డబ్బా మూత తీసి ఫ్యాన్ ప్లగ్ పీకేశాను. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. నాజియా తలుపు వేసి పరీక్ష మొదలు పెట్టింది. కింది స్వరం. తగ్గించింది. నర్సింగ్ బటన్ నొక్కాడు, బయట బల్ల మీద దీపం వెలిగింది. ఇంకా తగ్గించింది. మళ్లీ వెలిగింది. నాజియా నా వైపు చూసింది. కళ్లలో నీళ్లున్నాయి. ఇంకా తగ్గించింది, ఇంకా వెలుగుతూనే ఉంది.

ఎడమ చెవి మొదలు పెట్టగానే స్క్రీన్ నల్లబడింది. ఫ్యాన్ లేక డబ్బా వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. అప్పటిదాకా చేసిందంతా పోయింది.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు నర్సింగ్ తలుపు తోసుకుని వస్తూ.

"మీ చెవికి ఏం కాలేదు. కాని కాయితం మీదికి ఇంకా రాలేదు," అన్నాను.

ఇక్కడ పిల్లలకు ఒక మాట చెప్పాలి. అప్పుడు నాకు ఒక అడ్డదారి తోచింది. ఫ్యాన్ పీకి, వేడెక్కేలోపు సగం సగంగా పరీక్ష చేసి, అతికించి రాయించేద్దామని. నాజియా కూడా కాదనేది కాదు. కానీ రేపు బోర్డులో ఎవరైనా, ఇదే పరీక్ష ఇదే గదిలో మళ్లీ చేసి చూపించండి అంటే ఏం చేస్తాం? మళ్లీ చేసి చూపించలేని కొలత కొలత కాదు. అలాంటి కాయితం ఆ మనిషిని ఇంకా ముంచుతుంది.

నరహరి రావు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"శకుంతల గారూ, కాలిబ్రేషన్ ఓకేనా, కాదా?"

"ఓకే సార్."

"అయితే మన పని అయిపోయింది. కంప్యూటర్ మన కాంట్రాక్టులో లేదు. మీరు ముట్టుకోకండి. అది లోపల పెట్టింది మనమే అని బయటపడితే ఇప్పటిదాకా ఇచ్చిన రిపోర్టులన్నీ మన మెడకు చుట్టుకుంటాయి. తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. ఇక్కడ ఒక డ్రైవర్ ఉద్యోగం పోతోంది."

"మీ ఉద్యోగం కూడా ఉంది కదమ్మా," అన్నారు. బెదిరింపుగా అనలేదు, నిజంగానే భయపడి అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. కోపమో భయమో నాకే తెలియలేదు.

మైక్‌సెట్ దుకాణం వైరు

డబ్బాను గది బయటికి తేవాలి. దానికి పొడుగు వైరు కావాలి. మామూలు వైరు పనికి రాదు, గదిలో కరెంటు గుంయ్‌మనే చప్పుడంతా హెడ్‌ఫోన్‌లోకి లాగుతుంది. పైన సన్న తీగలు అల్లిన జాలీ తొడుగు ఉన్న వైరే కావాలి. కోఠి దాకా వెళ్లి వచ్చేసరికి ఆసుపత్రి మూసేస్తారు.

"దబీర్‌పురాల మైక్‌సెట్ దుకాణం ఉంది గద అక్కా," అన్నాడు నర్సింగ్.

ఇద్దరం ఆయన స్కూటర్ మీద వెళ్లాం. దారి పొడుగునా ఆయన తలను అటూ ఇటూ తిప్పుతూ నడిపాడు, ప్రతి హారన్‌కూ. తన చెవిని తనే పరీక్షించుకుంటున్నాడని నాకు కాసేపటికి అర్థమైంది. ఒకసారి వినబడదని కాయితం మీద రాస్తే మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుంది.

దుకాణం ముందు పెళ్లిళ్లకు కిరాయికిచ్చే స్పీకర్లు గోడలా పేర్చి ఉన్నాయి. లోపలి మనిషి జాలీ వైరు చుట్ట తీసి, "ఏం ఫంక్షన్ అక్కా?" అన్నాడు.

"చెవి పరీక్ష," అన్నాను.

"మా దందా బంద్ చేయిస్తవా ఏంది?" అని నవ్వాడు. నర్సింగ్ కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

వెనక్కి వచ్చి, సీసం కరిగించి వైరు టాంకా కొట్టాను. డబ్బాను వరండాలోకి లాగి, పోయిన ఫ్యాన్ తీసి నా సంచిలో ఉన్న కొత్తది వేసి, గోడకు చిన్న రంధ్రం గుండా వైరు లోపలికి పంపాను. మళ్లీ కృత్రిమ చెవి పెట్టి మొదటి నుంచీ అన్నీ చూశాను. నర్సింగ్ తలుపు దగ్గర నిలబడి నా చేతుల వైపే చూస్తున్నాడు. తొందర పెట్టలేదు. ఆయన తొందర పెట్టకపోవడమే నన్ను ఇంకా తొందర పెట్టింది.

పరీక్ష పూర్తిగా జరిగింది. కింది స్వరాలు రెండు చెవులకూ శుభ్రంగా ఉన్నాయి. కుడి చెవికి మాత్రం పై స్వరాలు కొంత తగ్గాయి. అది నిజంగానే తగ్గింది. ఏళ్ల తరబడి డ్రైవరు కిటికీ పక్కన హారన్లు విన్న చెవి అది. అది కూడా రాయక తప్పదని నాజియా చెప్పినప్పుడు నర్సింగ్ మొహం మళ్లీ మాడింది.

"ఉన్నది రాయి బిడ్డా," అన్నాడు. "లేనిది రాస్తేనే గద గింత దూరం వచ్చింది."

బోర్డు ఆయనను స్టీరింగ్ మీదే ఉంచింది. ఏటా చెవి పరీక్ష చేయించుకోవాలని షరతు పెట్టింది. ఆ మాట చెప్పడానికి మరునాడు మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను. నాజియా స్పీకర్ పెట్టింది. ఆయన ఏడుస్తున్నాడు, మాకు మాటలు సరిగ్గా వినబడలేదు.

నరహరి రావు గారి గురించి

పిల్లలు ఇలాంటి కథ వినగానే మేనేజర్‌ను విలన్‌ను చేస్తారు. నేను చేయను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మూడో రోజు తనే ఆసుపత్రికి వచ్చి, ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. బయటికి వచ్చి, "ఇలాంటి గదులు మనం ఇంకా ఎక్కడెక్కడ పెట్టాం?" అని మాత్రం అడిగారు. అన్ని చోట్లా డబ్బాలు బయటికి తీయించారు. పెద్దవాళ్ల దగ్గర మాటలు పడ్డారు. ఆయన భయం తప్పు కాదు, భయపడ్డాక ఏం చేశారన్నదే నేను చూస్తాను.

నాజియా పాత వాళ్లనందరినీ మళ్లీ పిలిచింది. కొందరు వచ్చారు, కొందరు దొరకలేదు. వచ్చిన వాళ్లలో లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే పెద్దాయన ఒకరున్నారు. చెవి బాగుందని తేలింది. అయినా ఏం చెప్పినా "ఏంది?" అని చెయ్యి చెవికి పెట్టుకుంటున్నారు. చెవుడని చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆయనతో అరిచి మాట్లాడటం మొదలు పెట్టారట, తర్వాత మాట్లాడటమే తగ్గించారట. ఆయన కొడుక్కి నాజియా ఎంతో నచ్చజెప్పింది. ఆ ఇంట్లో మళ్లీ మామూలుగా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. నా ఉద్యోగంలో అన్నిటికన్నా నన్ను కలచివేసింది అదే.

ఇక మీరు అడిగే ప్రశ్నకు జవాబు. మిషన్‌ను కొలవండి, తర్వాత మిషన్ చుట్టూ ఉన్నదాన్ని కొలవండి. ఆ గదిలో కొత్త మనిషిని ఎవరినైనా నిలబెట్టి, ఏం వినబడుతోందని అడగండి. మీకు వినబడదు. ఆ పని మొదలు పెట్టిన కొద్ది రోజులకే మీకు వినబడటం మానేస్తుంది.

జున్ను

రిటైర్ అయిన రోజు సెక్షన్ వాళ్లు నాకు శాలువా కప్పి, పనికి రాదని పక్కన పెట్టిన పాత ఆసిలోస్కోప్ ఒకటి ఇచ్చారు. అందరూ నవ్వారు. ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టాను.

ఇంట్లో మొదటి వారం నాకు పిచ్చెక్కింది. ఏ గదిలో కూర్చున్నా సన్నగా ఏదో మోగుతోంది. ఫ్రిజ్ ఆపాను, ఇన్వర్టర్ ఆపాను, మా ఆయనతో గడియారం కూడా తీయించాను. మోగుతూనే ఉంది. పక్కింటికి వెళ్లి మీ ఇంట్లో ఏదైనా నడుస్తోందా అని అడిగాను. ఒక మధ్యాహ్నం గల్లీ మొత్తం కరెంటు పోయింది. అప్పుడు కూడా మోగింది. చప్పుడు ఇంట్లో లేదని, నాలోనే ఉందని అప్పుడు తెలిసింది. నాకు చాలా భయం వేసింది.

అప్పటి నుంచి ఆ ఆసిలోస్కోప్ ఆన్ చేసి పెడుతున్నాను. దానికి ఏ సిగ్నలూ ఇవ్వను. తెర మీద పచ్చటి గీత ఒకటి ఊరికే నిలబడి ఉంటుంది. వెనక ఫ్యాన్ తిరుగుతుంది. ఆ హోరులో లోపలి మోత మునిగిపోతుంది, నేను కాస్త కూర్చోగలుగుతాను. ఊళ్లో అందరి గదుల్లోంచి తీయించిన చప్పుడును నా గదిలోకి నేనే తెచ్చి పెట్టుకున్నాను. నాజియా ఫోన్ చేసినప్పుడల్లా, "ఒకసారి రండి ఆంటీ, మీ చెవులు చూస్తాను," అంటుంది. వస్తాలే అంటాను. వెళ్లలేదు.

నిన్న నర్సింగ్ వచ్చాడు. అన్న డెయిరీలో బర్రె ఈనిందని స్టీలు డబ్బాలో జున్ను తెచ్చాడు. ఆయన కూడా రేపో మాపో రిటైర్ అవుతాడు. ఇన్నేళ్లూ ప్రతి పరీక్షా పాసయ్యాడు. కూర్చుని, జున్నులో బెల్లం తక్కువైందా అని అడిగి, ఎందుకో మెడ పక్కకు వంచాడు.

"అక్కా, గా డబ్బ బేరింగ్ పోతుంది."

"ఏ డబ్బా?"

"గదే, టీవీ పక్కది. ఎప్పటిసంది పోతుందో. గరగరమంటుంది గద, ఇంట్లకు రాంగనే ఇనబడ్డది. నీకు ఇనబడ్తలేదా?"

నాకు వినబడలేదు. లేచి డ్రాయర్‌లోంచి పేచ్‌కస్ తీసి, ఫ్యాన్ బిళ్ల మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఒట్టి హోరు. రెండో చెవికి పెట్టుకున్నాను. అదే హోరు. పేచ్‌కస్ నర్సింగ్‌కు ఇచ్చాను. ఆయన తన చెవికి పెట్టుకుని, నా మొహం చూసి, గరగర ఉందన్నట్టు మెల్లగా తల ఊపి తీసేశాడు. మా ఆయన పేపర్ పక్కన పెట్టారు.

"రేపు నాజియా బిడ్డ దగ్గరికి పోదం అక్కా. నేనే బండి తెస్త," అన్నాడు నర్సింగ్.

సరే అన్నాను. ఇది రాస్తున్నది ఈ రోజు పొద్దున, నర్సింగ్ బండి తేవడానికి ముందు. చీర కట్టుకుని తయారై కూర్చున్నాను. ఆసిలోస్కోప్ ఆపేశాను. ఈ రోజు ఆ గదిలో, ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. అక్కడ ఏ ఫ్యానూ లేదు. డబ్బాను నా చేతులతో నేనే బయటికి లాగాను, ఆ వైరు నేనే వేశాను. ఆ గదిలో ఏం రాసినా నిజమే రాస్తారు.